రోజుకు ఒక్క విజిలే

పొగ కనబడితే చెంచయ్య విజిల్ ఊదుతాడు. ఆయన గురించి చెప్పాల్సింది అంతే. మిగిలినదంతా ఆ విజిల్ పుణ్యమా అని జనం పడ్డ అవస్థ.

అందరిలోకీ ఎక్కువ అవస్థ పడింది వరలక్ష్మమ్మ. ఉదయగిరిలో కొండ కిందికంటా పోయి, ఇక ముందుకు పోవడానికి అడివి తప్ప మరేమీ లేక ఆగిపోయే వీధి ఒకటుంది. ఆ వీధిలో చిట్టచివరి ఇల్లు ఆమెది. కొండ మీది బోదగడ్డి ఆమె పెరటి కంచె దాకా వచ్చి నిలబడుతుంది. ఇంట్లో ఆమె, భర్త రాజమోహన్, ఎనభై నాలుగేళ్ల అత్త కామమ్మ. పెరట్లో ఒక బర్రె, ఒక గడ్డివామి. పదహారేళ్లు కందీ పొగాకూ పండించి, ఒక్కో గదీ వేసుకుంటూ వచ్చిన ఇల్లది. పక్కిల్లు చెంచయ్యది. ఇంత పెద్ద జిల్లాలో ఈ మనిషికి ఇంకో చోటే దొరకలేదా దేవుడా అని వరలక్ష్మమ్మ రోజూ అడిగేది. దేవుడు జవాబు చెప్పేలోపే విజిల్ మోగేది.

ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సులో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి ఏం చేయాలండీ? పేపరు చదువుకోవాలి. కాళ్లు చాపుకుని కూర్చోవాలి. కూతురు ఆత్మకూరులోనే ఉంది గదా, పోయి నాలుగు రోజులుండి మనవడికి ఎక్కాలు చెప్పాలి. చెంచయ్య యూనిఫారం విప్పేశాడు, టిక్కెట్ల మిషను అప్పజెప్పేశాడు, విజిల్ మాత్రం మెడలో వేసుకుని ఇంటికొచ్చాడు. ఆ మర్నాడు శుక్రవారం. వరలక్ష్మమ్మ తలంటుకుని దేవుడి గదిలో సాంబ్రాణి వేసింది. పొగ కిటికీ దాటిందో లేదో, కిటికీ అవతలి నుంచి చెవులు చిల్లులు పడేలా విజిల్! ఆమె చేతిలోని సాంబ్రాణి గిన్నె ఎగిరి పటాల ముందు బోర్లా పడింది.

"ఏందయ్యా! ఏమైంది?"

"పొగ వస్తావుండాది, అమ్మణ్ణీ."

"అది సాంబ్రాణి!"

"సాంబ్రాణా? అయితే సరే" అని తాపీగా వెనక్కి తిరిగాడు. అంతటితో పోయినా బాగుండేది. రెండడుగులు వేసి ఆగి, "కిటికీకి కర్టెను కట్టినావు. అది అంటుకుంటాది, చూసుకో" అన్నాడు.

అదే వీధిలో ఉన్న గోపాలయ్య టీ హోటలు సంగతి ఇంకా ఘోరం. పొద్దున్నే ఇడ్లీపాత్ర మూత తీశాడు ఆయన. విజిల్ మోగింది. బెంచీల మీద ఉన్న తొమ్మిదిమందీ గ్లాసులు వదిలేసి రోడ్డు మీదికి ఉరికారు. అందులో ముగ్గురు మళ్లీ రాలేదు, టీ తాగిన సంగతి కూడా మర్చిపోయారు.

"ఏమయా, కళ్లు కనపళ్లేదా నీకు? అది ఆవిరి!" అని గోపాలయ్య గరిటె పట్టుకుని వచ్చాడు.

"దూరం నుంచి చూస్తే ఆవిరికీ పొగకీ తేడా ఎట్ట తెలుస్తాది?"

"దగ్గిరికొచ్చి చూడు!"

"దగ్గిరికొచ్చి చూసినాక ఊదితే ఏం లాభం?" అన్నాడు చెంచయ్య. దాంతో గోపాలయ్యకు ఒళ్లు మరీ మండింది.

వింజమూరులో రాజమోహన్ చెల్లెలి కూతురి పెళ్లి. పక్కింటి మనిషిని పిలవకుండా ఎలా? "అన్నా, ఆ విజిలొక్కటీ ఇంట్లో పెట్టి రా, నీకు దణ్ణం పెడతా" అని వరలక్ష్మమ్మ మరీ మరీ చెప్పింది. తల ఊపాడు. తలంబ్రాల పళ్లెం పక్కన పురోహితుడు హోమం వెలిగించి, గరిటెడు నెయ్యి పోశాడు. పందిరి నిండా పొగ. మూడో వరసలోంచి విజిల్! మేళగాళ్లు అది తమకే చేసిన సైగ అనుకుని గట్టిమేళం అందుకున్నారు. గట్టిమేళం వినబడగానే నాలుగు వందల మందీ అక్షింతలు వేసేశారు. తాళి ఇంకా కొబ్బరికాయ మీదే ఉంది. ఆ తర్వాత పెళ్లికొడుకు నిజంగా తాళి కట్టేటప్పుడు వేయడానికి ఒక్కరి చేతిలోనైనా ఒక్క గింజ లేదు. ఆ మాట పట్టుకుని ఆడబిడ్డ ఇప్పటికీ వరలక్ష్మమ్మను దెప్పుతూనే ఉంటుంది. ఊదింది ఒకడు, పడేది ఇంకొకరు! ఎక్కడి న్యాయమండీ ఇది?

ఇవన్నీ ఒక ఎత్తు, కామమ్మ ఒక ఎత్తు. కామమ్మకు మోకాళ్లు పోయి మంచం దిగదు. చెవులూ పోయాయి. కోడలు చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా "ఆఁ?" అంటుంది. కానీ ఆ విజిల్ మాత్రం వినబడుతుంది! కాళ్లు బాగున్న రోజుల్లో చెంచయ్య బస్సులోనే పుట్టింటికి నెల్లూరు పోయి వస్తుండేది. అందుకని విజిల్ మోగిందా, దిండు కింద సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని, "నెల్లూరు బస్సా?" అని అడిగేది. కాదు అత్తా అని నచ్చజెప్పి, ఆ సంచీ మళ్లీ దిండు కింద పెట్టించేసరికి వరలక్ష్మమ్మకు తల ప్రాణం తోకకొచ్చేది. రోజుకు ఆరు విజిళ్లంటే ఆరు నెల్లూరు ప్రయాణాలు.

విజిల్ ఊది ఊరుకునే రకమైనా కాదు. ఎవరింట్లో ఎండిన ఆకు కనబడినా అది బస్సు మెట్ల మీద వేలాడుతున్న మనిషేనన్నట్టు కేకలేసేవాడు. "మస్తాన్‌బీ! నువ్వు గరిటెలు చెక్కిన చెక్కపొట్టంతా ఇంటి వెనకాల కుప్ప బోసినావే, అది ఫుట్‌బోర్డు మీద నిలబడుండాదమ్మా, లోపలికి జరుపు!" "గోపాలయ్యా, కొబ్బరిమట్టలు ఫుట్‌బోర్డు మీదుండాయి!" వరలక్ష్మమ్మ పెరట్లోకి పొద్దున్నే వచ్చి గడ్డివామి చుట్టూ తిరిగేవాడు.

"నా గడ్డివామికి ప్రదక్షిణాలేందయ్యా? అదేమన్నా అమ్మవారా?"

"కొండకు మరీ ఆనించి వేసినారమ్మణ్ణీ. నిప్పు దిగిందంటే ముందు దీన్నే ఎక్కుతాది. వీధి వైపు వేయించు."

"నేను కాపరానికొచ్చి ఇరవై ఏడేళ్లు. కొండ ఏడేడూ కాలతానే ఉండాది. ఒక్కసారన్నా కిందికి దిగిందా?"

"దిగినాక చెప్పేదానికి ఏముంటాది?"

ఆ మాట నిజమే కావచ్చు. కొత్త గడ్డి మొలవాలని పాత గడ్డికి అగ్గిపుల్ల గీసి, పశువులను తోలుకుని చల్లగా ఇంటికి పోయే మహానుభావులు ప్రతి ఎండాకాలమూ ఉంటారు. వాళ్లను పట్టుకుని తన్నాలి! ఆ సంగతి వరలక్ష్మమ్మ కూడా ఒప్పుకుంటుంది. కానీ పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా ఒక మనిషి మొహం పెరట్లో చూడాల్సి వస్తే ఎవరికి మండదు? అయిదు రోజులు ఓర్చుకుంది. ఆరో రోజు కూలీలను పిలిచి గడ్డివామిని పీకించి, ఇంటి ముందు వీధి పక్కకు వేయించింది. "ఇంకేం పనుంటాదో నా పెరట్లో, చూస్తా!" అంది.

పని ఉంది. పెరటి చుట్టూ ఎండిన తుమ్మకంప కంచె ఉంది. చెంచయ్య ఆ కంచె పక్కన నిలబడి విజిల్ ఊదడం మొదలుపెట్టాడు, సరిగ్గా ఆమె కునుకు తీసే కిటికీకి ఎదురుగా. కంప సందుల్లోంచి ఆయన కళ్లజోడు మెరిసేది. పది రోజులు చూసింది. పదకొండో రోజు కంపంతా లాగించి పారేయించి, కొండరాళ్లు తోలించి నిలువెత్తు గోడ కట్టించింది. ఆ గోడ చూసి చెంచయ్య "బో బాగుండాది" అన్నాడు. ఆ మెచ్చుకోలుకు ఆమెకు ఇంకా కారం రాసినట్టయింది. తర్వాత బర్రె కొట్టం మీద తాటాకు ఎండిపోయిందని రోజూ గోడ మీది నుంచి చెంబులతో నీళ్లు చల్లాడు. బర్రెకు జలుబు చేసింది. ఆమె తాటాకు పీకించి రేకులు వేయించింది. ఒక్క మనిషి మీది కోపంతో ఇల్లంతా మార్చేసుకుంది పాపం!

గోడ అవతల ఇంకో నిర్వాకం. చెంచయ్య రోజూ చల్లటి పొద్దున చెలగపార తీసుకుపోయి, వీధిలోని ఇళ్లన్నిటి వెనకా కొండకు అడ్డంగా గడ్డి చెక్కడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి బస్సు పట్టేంత వెడల్పున మట్టి బాట తేలింది. తన హద్దు కలిపేసుకుంటున్నాడేమోనని వరలక్ష్మమ్మ పరుగెత్తుకుంటూ పోయింది.

"ఏమయ్యా కండక్టరూ, ఇక్కడ బస్సేస్తావా?"

"వేస్తా" అన్నాడు చెంచయ్య, చెమట తుడుచుకుంటూ.

ఆ ఒక్క ముక్కతో ఆమె సహనం చచ్చింది. వీధి పెద్ద వెంకటరమణయ్య మాస్టారింట్లో పంచాయితీ పెట్టించింది. వీధంతా వచ్చింది. సాంబ్రాణి, ఇడ్లీపాత్ర, గట్టిమేళం, బర్రె జలుబు, నెల్లూరు బస్సు, అన్నీ వరసగా విన్నవించుకుంది. మాస్టారు నవ్వాపుకోవడానికి రెండుసార్లు లోపలికి పోయి మంచినీళ్లు తాగి వచ్చారు.

"నువ్వేమంటావు చెంచయ్యా?"

"నేను డ్యూటీలో ఉన్నప్పుడు కొండదారిలో ఒక పల్లె అంటుకోనుండాది మాస్టారూ. బస్సు ఆపి దిగినాం. జనమంతా రోడ్డు మీద నిలబడి ఏడస్తావుండారు. అందరూ బయటికొచ్చినారా అని అడిగినా. ఒక్కరికీ తెలీదు! ఎవురుండారో, ఎవురు లేరో లెక్కే లేదు. ఒక ముసలాయన అగపళ్లేదని రెండు గంటలు గుండెలు బాదుకున్నారు. ఆయన పక్కూళ్లో కల్లు తాగతావుండాడు."

"మంచిదే గదా మరి!"

"ఏంది మంచిది? నా బస్సులో యాభైమంది ఎక్కితే, యాభైమంది దిగింది నాకు తెలుసు. ఇంత వీధికి లెక్క లేకపోతే ఎట్ట మాస్టారూ?" వరలక్ష్మమ్మ ఇదేమీ వినలేదు, తర్వాత ఏమనాలో వెతుక్కుంటోంది.

మాస్టారు తీర్పు చెప్పారు. రోజుకు ఒక్క విజిలే. పొగ ఒకటున్నా వందున్నా ఒక్కటే. అది దాటితే విజిల్ పంచాయితీకి స్వాధీనం. చెంచయ్య ఒప్పుకుని చేతిలో చెయ్యేశాడు.

ఒప్పుకున్నాడు గదా, ఆ ఒక్కటీ ఎప్పుడో పొద్దున్నే ఊది ఊరుకోవచ్చు గదా? ఒకరోజు పది గంటలకు, ఒకరోజు అన్నాల వేళ, ఒకరోజు ఆమె కునుకు పట్టే ముహూర్తానికి! ఎప్పుడు మోగుతుందో తెలియక, వరలక్ష్మమ్మ రోజంతా చెవులు రిక్కించుకునే ఉండాల్సి వచ్చేది. ఆరింటికంటే ఈ ఒక్కటే ఎక్కువ బాధ. ఒకనాడు పట్టలేక, విజిల్ వినబడగానే పంపు కింద నిండిన బిందె చంకనెత్తుకుని బయటికొచ్చింది.

"మంటలని గదా ఊదినావు? ఇదిగో నీళ్లు, ఆర్పుకో!" అని బిందెడూ ఆయన కాళ్ల మీద కుమ్మరించింది.

వీధి వీధంతా విరగబడి నవ్వింది. మర్నాడు మస్తాన్‌బీ కూడా బిందె తెచ్చింది. ఆ మర్నాడు గోపాలయ్య బకెట్టు. వారం తిరిగేసరికి అదొక రివాజయిపోయింది. విజిల్ మోగడమే తరువాయి, ఇంటింటి నుంచి బిందెలతో తిట్టుకుంటూ రావడం, ఆయన కాళ్ల మీద కుమ్మరించడం, కసితీరా నవ్వుకుని పోవడం. ఆయన రోజుకో ఇంటి వెనక నిలబడేవాడు. మస్తాన్‌బీ పొట్టుకుప్ప మీద వరసగా మూడు రోజులు నిలబడ్డాడు. పొట్టంతా నాని ముద్దయి పొయ్యిలోకి పనికిరాకుండా పోయింది. ఆమె శాపనార్థాలు పెడుతూ దాన్ని దూరంగా పారబోయించుకుంది.

తడిసిన పంచె మోకాళ్లకు అంటుకుని ఉండగా చెంచయ్య ఏం చేసేవాడో తెలుసా? కోప్పడేవాడు కాదు. చేతి గడియారం చూసుకుని, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి ఏదో రాసుకునేవాడు. అదీ వరలక్ష్మమ్మకు గిట్టనిది.

"నా మీద అర్జీ రాస్తావుండాడు. చూడు, కలెక్టరుకే పంపిస్తాడు" అంది భర్తతో.

"గమ్మునుండవే. నువ్వేం చేసినావని అర్జీ?"

"నీళ్లు పోసినా గదా!"

"ఆయనకు చల్లగానే ఉన్నట్టుండాది" అన్నాడు రాజమోహన్. ఆ పూట అతనికి పెరుగు లేదు.

రెండు వేసవులు ఇలాగే గడిచాయి.

ఏప్రిల్ నెలాఖరు. కొండ మీద బోదగడ్డి ఎండి పసుప్పచ్చగా గలగలమంటోంది. ఆ రోజు పదిన్నరకు గోపాలయ్య బజ్జీల మూకుడు పొగకు విజిల్ మోగింది, బిందెలొచ్చాయి, నవ్వులయ్యాయి, చెంచయ్య రాసుకున్నాడు. ఆ రోజు కోటా అయిపోయింది. ఇక హాయిగా నిద్రపోవచ్చని మధ్యాహ్నం రెండు గంటలకు వరలక్ష్మమ్మ ఫ్యాను కింద చాప పరుచుకుంది.

విజిల్ మోగింది.

ముందు కలేమో అనుకుంది. మళ్లీ మోగింది. మళ్లీ, మళ్లీ! గుక్క తిప్పుకోకుండా ఊదుతున్నాడు. రెండోది! మాస్టారి చేతిలో చెయ్యేసి, వీధి ముందు ఒప్పుకుని, రెండోది! ఆమె జుట్టు ముడేసుకుని, ఒక బిందె చంకన, ఒకటి చేత పట్టుకుని ఊగిపోతూ బయటికొచ్చింది. అటు చూస్తే మస్తాన్‌బీ రెండు బిందెలతో వస్తోంది. గోపాలయ్య ఏకంగా డ్రమ్మే దొర్లించుకొస్తున్నాడు. మాస్టారే స్వయంగా బకెట్టు మోసుకొస్తున్నారు. మామూలు రోజైతే బద్ధకించి రానివాళ్లు కూడా ఇవాళ వచ్చారు. మాట తప్పిన మనిషిని ఊరికే వదులుతారా?

"మాట మీద నిలబడే మొగోడివేనా నువ్వు?" అని వరలక్ష్మమ్మ బిందెడు నీళ్లూ ఆయన నెత్తిన గుమ్మరించింది.

చెంచయ్య కారుతున్న నీళ్లతోనే నిలబడి కొండ వైపు చెయ్యి చూపించాడు.

కొండ సగానికి పైన ఎర్రటి గీత ఒకటి అడ్డంగా సాగుతోంది. పైగాలి దాన్ని కిందికి తోస్తోంది. బోదగడ్డి పటపటమంటోంది. ఆ చప్పుడు వినబడే దూరానికి వచ్చేసింది. వీధిలో అందరి చేతుల్లోనూ నిండు బిందెలున్నాయి.

చెంచయ్య వాళ్లను వేలితో లెక్కపెట్టాడు. "ముప్ఫై ఎనిమిది. ముప్ఫై తొమ్మిది రావాల. పెద్దమ్మ లోపలుండాది. రాజమోహనూ, గోపాలయ్యా, మాస్టారి తమ్ముడూ, నాతో రాండి!"

అత్త! వరలక్ష్మమ్మ పరుగెత్తింది. ఆమె గడప దాటేలోపే నలుగురూ మంచాన్ని ఎత్తేశారు. తలవైపు చెంచయ్య. కామమ్మ సంచీ ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా కూర్చుని ఉంది.

"నెల్లూరు బస్సా?" అంది.

"అవును పెద్దమ్మా! నీకు ముందు సీటే. రైట్ రైట్!"

కొంపలంటుకుంటుంటే ఈ పరాచికాలేమిటని వరలక్ష్మమ్మకు ఒళ్లు మండింది. కామమ్మ మాత్రం మంచం పట్టె గట్టిగా పట్టుకుని, నవ్వుమొహంతో వీధి చివరి దాకా ప్రయాణం చేసింది. మాస్టారి అరుగు మీద దింపాక, "ఈ తూరి బో తొందరగా వచ్చింది" అంది.

ఆ తర్వాత గంటన్నర ఎవరికీ ఊపిరి సలపలేదు. "ఆడోళ్లంతా ముందుకు రాండి, మీ బిందెలు గోడ పక్కన! గోనెలు తడపండి! మొగోళ్లు వేపకొమ్మలు తీసుకోని బాట మీద వరసగా నిలబడండి! సందు లేకుండా సర్దుకోండి!" అని చెంచయ్య అరుస్తూనే ఉన్నాడు. మంట వచ్చి, ఆయన గీకిన మట్టిబాట అంచున ఆగింది. తినడానికి ఏమీ దొరకక అటూ ఇటూ వెతుక్కుంది. నిప్పురవ్వలు మాత్రం ఎగిరొచ్చాయి. రాతిగోడ మీద పడి ఆరిపోయాయి. కొట్టం రేకుల మీద పడి టపటపమని జారిపోయాయి. పెరట్లో గడ్డివామి ఉండాల్సిన చోట ఇరవై రవ్వలైనా పడి ఉంటాయి. అక్కడ ఉత్త నేల. వరలక్ష్మమ్మ గోనె పట్టుకుని ఆ నేల వంక చూస్తూ నిలబడిపోయింది.

ఫైరింజను వచ్చి, మిగిలిన సెగను చల్లార్చి వెళ్లాక చూసుకుంటే, వీధి మొత్తం మీద కాలింది ఒకే ఒక్కటి. చెంచయ్య ఇంటి ముందు పంచ, దాని మీది తాటాకు కప్పు. పక్కింటి కొట్టం మీద తాటాకు పీకించిన మనిషి తన నెత్తి మీద తాటాకు సంగతి చూసుకోలేదు! రవ్వ పడిన వేళకు ఆయన అందరి ఇళ్ల వెనకా పరుగెడుతున్నాడు. ఇలాంటి మనిషిని ఏం తిట్టాలో మీరే చెప్పండి.

సాయంత్రం అత్తను ఇంటికి తెచ్చి పక్క సర్దుతుంటే, దుప్పటి మడతలో నోటుబుక్కు దొరికింది. మంచం దించే హడావుడిలో ఆయన జేబులోంచి జారినట్టుంది. ఇన్నాళ్లకు అర్జీ చేతికి చిక్కింది! వరలక్ష్మమ్మ లైటు కింద కూర్చుని విప్పింది. పేజీ పేజీకీ తేదీ, టైము, పేర్లు.

"విజిలు 11.10. అందరూ వచ్చేదానికి తొమ్మిది నిమిషాలు. చాలా లేటు."

"3.05. ఆరు నిమిషాలు. నీళ్లు తెచ్చినోళ్లు పద్నాలుగుమంది. బాగుండాది. వరలక్ష్మమ్మకు మనసులో దణ్ణం పెట్టుకున్నా."

"మాస్టారికి ఆయాసం. ఆయన్ని ముందు పంపించాల."

"గడ్డివామి గురించి వరలక్ష్మమ్మకు మంచిగా చెప్తే వినలా. అయిదు రోజులు విసిగిస్తే ఆరోనాడు జరిపింది. ఈ అమ్మికి కోపమొస్తేనే పని జరుగుతాది. రేపటి నుంచి కంచె."

ఆమె బుక్కు మూసేసింది. మళ్లీ తెరిచింది. "ఈ ముసలోడు నన్ను కోతిని ఆడించినట్టు ఆడించినాడు!" అని గట్టిగానే అంది. కోపం రావాలి గదా? రాలేదు. కోపం రానందుకు కోపం వచ్చింది. పేజీ తిప్పింది. అక్కడ పైన ఒకే పేరు, కింద ఎర్ర ఇంకుతో గీత.

"కామమ్మ పెద్దమ్మ. నడవలేదు. మంచంతోనే ఎత్తాల, నలుగురం. తలవైపు నేను. మంటలని చెప్పకూడదు, బెదురుకుంటాది. నెల్లూరు బస్సని చెప్పాల."

రాజమోహన్ అన్నానికి రమ్మని మూడుసార్లు పిలిచాడు.

మర్నాడు విజిల్ మోగలేదు. పది దాటింది, పన్నెండు దాటింది. బిందెలు నింపుకుని ఇళ్లల్లో కూర్చున్న జనానికి ఏమీ తోచలేదు. గోపాలయ్య రెండుసార్లు వీధిలోకి వచ్చి చూసిపోయాడు. కామమ్మ సంచీ ఒళ్లో పెట్టుకుని అన్నం ముట్టకుండా కూర్చుంది. మూడు గంటలకు ఇక వరలక్ష్మమ్మ వల్ల కాలేదు. నోటుబుక్కు పట్టుకుని విసవిసా పక్కింటికి పోయింది. కాలిన పంచలో చెంచయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మెడలో విజిల్ అలాగే ఉంది.

"ఏందయ్యా, ఇయ్యాల ఇంకా ఊదలా?"

ఆయన గొంతు వైపు చూపించి చెయ్యి తిప్పాడు. నిన్నటి పొగకు, అరుపులకు గొంతు పోయింది. ఊదితే దగ్గు తప్ప ఏమీ రావడంలేదు.

"ఊళ్లో వాళ్ల కప్పులన్నీ చూసినావే, నీ పంచ మీద తాటాకు అగపళ్లేదా? అది ఫుట్‌బోర్డు మీద నిలబడుండింది గదా? నీకు చెప్పేవోళ్లు లేరనా?" అని ఆమె విరుచుకుపడింది. "రేపు మా ఇంటాయన రేకులు తెస్తాడు. వద్దన్నావంటే చూడు!"

చెంచయ్య వద్దనలేదు. వద్దనడానికి గొంతు కూడా లేదు.

ఆమె ఆయన మెడలోంచి విజిల్ లాక్కుంది. చీర కొంగుతో రెండుసార్లు తుడిచింది. గుండె నిండా గాలి పీల్చుకుని ఊదింది. అబ్బో, ఏం ఊదిందండీ! రెండేళ్ల కోపమంతా అందులోకి పోయింది. క్షణంలో తలుపులు తెరుచుకున్నాయి. మస్తాన్‌బీ, గోపాలయ్య, మాస్టారు, అందరూ బిందెలతో తిట్టుకుంటూ ఉరికొచ్చారు. వచ్చి, విజిల్ ఎవరి నోట్లో ఉందో చూసి, పొయ్యడానికి ఎత్తిన బిందెలు ఎత్తినట్టే ఉంచి నోళ్లు తెరిచారు.

చెంచయ్య గడియారం చూసుకున్నాడు. ఆమె చేతిలోని నోటుబుక్కు తీసుకుని ఏదో రాసి, ఆమెకు చూపించాడు. "3.12. అయిదు నిమిషాలు. ఇంకా తొందరగా రావాల."

పక్కింట్లోంచి కామమ్మ గొంతు వినబడింది. "నెల్లూరు బస్సా?"

"అవునత్తా!" అని అరిచింది వరలక్ష్మమ్మ. "ముందు అన్నం తిను. బస్సు ఆపి పెడతాంలే!"